కత్తెరమ్మ తప్పించిన మనిషి

ఆ కర్మాగారంలో పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకులు చేస్తారు. మూడు షెడ్లు, షెడ్ల కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్లు నాలుగు, బయట ఆవరణలో చక్రాల క్రేన్ ఒకటి. పొద్దున ఎనిమిదింటికి సైరన్ మోగిన దగ్గర్నుంచీ అక్కడ ఏదో ఒక బరువు గాలిలో ఉంటుంది. ఆ బరువులకి తాళ్ళూ బెల్టులూ కట్టి, క్రేన్ హుక్కుకి తగిలించి, చేతి సైగలతో ఆపరేటరుకి దారి చూపించేవాళ్ళని రిగ్గర్లంటారు. ఆ పని ఎలా చేస్తే సాయంత్రం అందరూ క్షేమంగా ఇంటికి వెళ్తారో ఆ రిగ్గర్లకి నేర్పే మనిషిని కత్తెరమ్మ అంటారు. హాజరు పట్టీలో వేరే పేరుంది. గేటు దగ్గర ఆ పేరు చెప్పి అడిగితే మాత్రం అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరని వాచ్‌మన్ వెనక్కి పంపేస్తాడు.

ఆమె ఇరవై ఆరో ఏట స్టోర్‌లో గుమస్తాగా చేరింది. అప్పటికే భర్త మూడో షెడ్డులో క్రేన్ ఆపరేటరు. ఆయన అన్నగారు అదే షెడ్డులో రిగ్గర్ల మేస్త్రీ. ఇల్లు ఒకటే. కింది వాటాలో బావగారూ తోడికోడలూ, పై వాటాలో వీళ్ళిద్దరూ ఉండేవారు. పొద్దున ముగ్గురూ ఒకే బస్సెక్కేవారు. బావగారు ముందు తలుపు దగ్గర, తమ్ముడు వెనక తలుపు దగ్గర, ఆమె ఆడవాళ్ళ సీట్లో. దిగాక కూడా ఆ దూరం అలాగే ఉండేది.

స్టోర్‌లో పొద్దున తాళ్ళూ బెల్టులూ ఇచ్చి, సాయంత్రం వాపసు తీసుకుని రాసుకోవడమే పని. అంతకు ముందున్న గుమస్తా ఎన్ని వెళ్ళాయో అన్ని వచ్చాయా అని చూసేవాడు, అంతే. ఈమె ఒక్కోటీ విప్పి చూసేది. ఇనప తాడుని గుడ్డముక్కతో పొడుగునా తుడిచేది. తీగలు తెగిన చోట గుడ్డ దారాలు చిక్కుకుంటాయి. అలా చిక్కుకున్న చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టేది. చేరిన మూడో నెలలో అంచు కోసుకుపోయిన బెల్టునొకదాన్ని పక్కన పడేసి, దాని మీద సుద్దతో అడ్డంగా కొట్టేసింది. మర్నాడు భోజనం వేళ అటు వెళ్తే అదే బెల్టు రెండో షెడ్డులో పలకల కట్టని మోస్తోంది. సుద్ద గీత కూడా చెరగలేదు.

ఆ సాయంత్రం అది తిరిగి రాగానే స్టోర్‌లోని పెద్ద కత్తెర తీసి రెండు ముక్కలు చేసింది. రెండో షెడ్డు మేస్త్రీ పరుగున వచ్చాడు.

"ఎవరిచ్చారమ్మా నీకీ అధికారం?"

"ఎవరూ ఇవ్వలేదండి. కత్తెర ఇక్కడే ఉంది."

అప్పటినుంచి పాడైన బెల్టేదీ ఆమె చేతిలోంచి ఒక్క ముక్కగా బయటికి పోలేదు. ఇనప తాళ్ళని గ్యాస్ కటర్ అతన్ని పిలిచి కోయించేది. ముక్కల్ని గోడకి మేకులు కొట్టి వేలాడదీసి, ఒక్కోదానికీ తేదీ, కారణం రాసిన చీటీ కట్టేది. ఎందుకు కోశావని అడగడానికి వచ్చినవాడికి ఆ గోడ చూపించేది. పేరు పెట్టిందెవరో తెలియదు. వారం తిరక్కుండా అందరి నోళ్ళలోనూ కత్తెరమ్మ అయిపోయింది.

ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆవరణలో ట్యాంకు మూత ఒకటి బెల్టు జారి కింద పడింది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. మేనేజరు గారి స్కూటరు మాత్రం అప్పడం అయింది. దాంతో రిగ్గర్లందరికీ శిక్షణ ఇవ్వాలనీ, పరీక్ష పెట్టాలనీ, నెగ్గినవాళ్ళే బరువు ముట్టుకోవాలనీ నిర్ణయం జరిగింది. స్కూటరు మీద పడకపోతే ఆ నిర్ణయం ఇంకో పదేళ్ళకి జరిగేదని కార్మికులు అనుకున్నారు.

బయటినుంచి ఒక శిక్షకుడు వచ్చాడు. మూడు రోజులు ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. వెనక వరసలో ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోయారు. మూడో రోజు టీ వేళ ఆయన గ్లాసు పట్టుకుని స్టోర్ వైపు వెళ్ళి, కోసిన ముక్కలు వేలాడే గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చీటీలన్నీ చదివాడు. వెళ్తూ వెళ్తూ మేనేజరుతో, "నన్నెందుకు పిలిచారండీ, మీ శిక్షకురాలు స్టోర్‌లో కూర్చునుంటే" అన్నాడు.

మేనేజరు పిలిచి అడిగితే ఆమె ఒప్పుకోలేదు.

"ఒక్కరోజు కూడా లోడ్ కట్టలేదండి నేను. ముప్పై ఏళ్ళుగా కడుతున్నవాళ్ళకి ఏం చెప్తాను? మొహాన నవ్వుతారు."

"అయితే కట్టడం నేర్చుకోండి. ఆర్నెల్లు టైమిస్తాను."

నేర్పడానికి మూడో షెడ్డు మేస్త్రీని మించినవాడు లేడు. అలా ఆమె బావగారి దగ్గర చేరింది. ఇంట్లో ఆయన ఎదురుగా గట్టిగా మాట్లాడి ఎరగదు. షెడ్డులో క్రేన్ల హోరులో గట్టిగా మాట్లాడకపోతే పని జరగదు. మొదటి వారం ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది. తర్వాత ఆయనే ఓ మాట అనేశాడు. "అమ్మాయ్, ఈ గీత దాటి లోపలికొచ్చాక నేను బావగారిని కాదు. అరవాల్సొస్తే అరువు."

ఆయన బాగా నేర్పాడు. పుస్తకం భాష ఆయనకి రాదు. వంకరటింకర గొట్టాన్ని ఒకదాన్ని ముందు పెట్టి, చుట్టూ రెండుసార్లు తిరగమనేవాడు. "బరువెంతని అందరూ చూస్తారు. బరువు ఎక్కడుందో చూడు. వస్తువు మధ్య వేరు, బరువు మధ్య వేరు" అనేవాడు. ఆమె తప్పు చోట కడితే ఆపేవాడు కాదు. బెత్తెడు లేపించి, అది ఒరిగిపోవడం చూపించి, దింపించేవాడు. అందులో కాస్త వేళాకోళం ఉండేది. అయిదో నెలకి ఆ వేళాకోళానికి అవకాశం తగ్గిపోయింది.

ఆమె క్లాసులో బొమ్మలు ఉండవు. మొదటి రోజే ఒక తాడుకి నడుమ నీళ్ళ బకెట్ వేలాడదీసి, ఆ బ్యాచిలో కండలు తిరిగిన ఇద్దర్ని లేపి చెరో కొసా పట్టుకోమంటుంది. దగ్గరగా నిలబడితే చిటికెన వేలితో పట్టుకున్నంత తేలిక. ఒక్కో అడుగు దూరం జరగమంటుంది. జరిగేకొద్దీ చేతులు లాగేస్తాయి. చివరికి తాడు నేలకి సమాంతరంగా తిన్నగా లాగిపట్టమంటుంది. ఎవరివల్లా కాదు. మొహాలు ఎర్రబడతాయి, బకెట్ మాత్రం కిందికే ఉంటుంది. "బకెట్ బరువు పెరిగిందా?" అని అడుగుతుంది. పెరగలేదంటారు. "మరి మీకేమైంది?" అంటుంది. హుక్కు దగ్గర రెండు తాళ్ళూ వెడల్పుగా విచ్చుకుంటే ఒక్కో తాడు మీదా ఎంత భారం పడుతుందో ఆ తర్వాత ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

మొదటి ఏడాది పరీక్షలో బావగారు చేతులు కట్టుకుని కూర్చుని, అందరికంటే ఎక్కువ మార్కులతో నెగ్గాడు. నెగ్గినవాళ్ళకి ఇచ్చే పత్రం రెండేళ్ళు చెల్లుతుంది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షకి వచ్చాడు. అసలు సంగతి అప్పుడు జరిగింది.

ఆ రోజు పన్నెండుమంది ఉన్నారు. నోటి ప్రశ్నలన్నింటికీ ఆయన తడుముకోకుండా చెప్పాడు. చేతి పని మిగిలింది. మూడున్నర టన్నుల దిమ్మెని ఒకే బెల్టుతో నిటారుగా ఎత్తాలి. బల్ల మీద రెండు బెల్టులున్నాయి. ఒకటి మూడు టన్నులది, పసుపు రంగు. రెండోది నాలుగు టన్నులది, బూడిద రంగు. వాడి వాడి మసి పట్టాక రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, అంచున కుట్టిన చీటీ మీది అంకె చదివి తీసుకోవాలి. ఆమె ఆ రెంటినీ ఎంచి పెట్టింది అందుకే.

ఆయన ఒకదాన్ని తీసి చీటీని బొటనవేలితో రుద్దాడు. వెనక నిలబడ్డవాళ్ళలో, ఆయన కింద పనిచేసే ముఠా మనిషొకడు ఏదో అనబోయాడు.

"ఎవరూ మాట్లాడకండి" అందామె.

"నాలుగు" అన్నాడు బావగారు.

అది మూడుది.

"ఇంకోసారి చూడండి బావగారూ." పరీక్షలో ఆమె ఎవరికీ ఆ మాట చెప్పదు. ఆ రోజు చెప్పింది.

"చూశాను."

ఆమె కాగితం మీద తప్పినట్టు రాసింది. ఆయన బెల్టుని మడత పెట్టి, ఎక్కడనుంచి తీశాడో అక్కడే పెట్టి, బయటికి నడిచాడు. పదకొండుమంది బూట్లవైపు చూసుకుంటూ నిలబడ్డారు.

ముప్పై ఏళ్ళ అనుభవం తలకెక్కిందనుకుంది ఆమె. చిన్న చీటీ చదవడం నామోషీ అయిందనుకుంది. అలా అనుకుని బాధపడింది గానీ, రాసింది మార్చలేదు.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. తోడికోడలు మెట్ల దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయేది. భర్త సంగతి వేరు. ఇద్దరు మనుషులు ఒకేసారి సైగ చేస్తే క్రేన్ ఆపరేటరు దేన్నీ పట్టించుకోకుండా పని ఆపేయాలని ఆమె క్లాసులో చెబుతుంది. ఆయన ఇంట్లోనూ అదే పాటించాడు. అన్నగారి దగ్గరికి వెళ్ళినా, పైకి వచ్చినా ఆ ఊసెత్తేవాడు కాదు. అన్నం తిని చెయ్యి కడుక్కునేవాడు.

పన్నెండో రోజు, డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే తోడికోడలు వచ్చింది. తన బట్టలు తీసుకుంది. వెళ్ళబోయి ఆగింది.

"తెలిసి తెలిసి అంతమందిలో పరువు తీశావు."

"తెలిసేంటక్కా?"

"కళ్ళు కనపడట్లేదని నీకు తెలీదూ? ఏడాదిగా పేపరు నేనే చదివి వినిపిస్తున్నా. ఒకే ఇంట్లో ఉండి నీకు తెలీదంటే నమ్మాలా?"

ఆమె చేతిలోని దుప్పటి సగం మడతలో ఉండిపోయింది.

"అక్కా, నాకు తెలీదు. నిజంగా తెలీదు."

తోడికోడలు ఆమె మొహంలోకి చూసింది. చూసి, తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేయడం మొదలుపెట్టింది. మిగతాదంతా అలా క్లిప్పులు తీస్తూనే చెప్పింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడివైపు ఎక్కువ. చీటీల మీద అంకెలు ముఠావాళ్ళే పైకి చదివేవారట. మేస్త్రీ అడక్కుండానే, మామూలుగా మాట్లాడుకుంటున్నట్టు, "ఇది నాలుగుది, ఇటు పట్టు" అనేవారట. ఆయన మీది గౌరవం కొద్దీ అలా నడిపించారు.

ఆమెకి ముందు కలిగింది జాలి కాదు. ఏడాదిలో మూడో షెడ్డులో ఎన్ని బరువులు లేచి ఉంటాయోనని లెక్క వేసుకుంది. వేలల్లో తేలింది. ఆ బరువుల పక్కన నడిచినవాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి. ఆ తర్వాత సిగ్గేసింది. పదిమంది చేతులూ కాళ్ళూ కనిపెట్టి తప్పులు పట్టే మనిషి, ఇంట్లో మనిషి మెట్లు దిగుతూ పాదంతో వెతుక్కోవడం ఎన్నోసార్లు చూసి కూడా పట్టించుకోలేదు.

భర్త రాగానే అడిగింది. "మీకు తెలుసా?"

"అనుమానం ఉండేది. ఈ మధ్య సైగలు కాస్త ఆలస్యంగా వచ్చేవి."

"మరి చెప్పలేదేం?"

"అన్నయ్యకి ఏమని చెప్పను? నీకు కళ్ళు కనపడవనా?"

పరీక్ష తప్పినవాడు బరువు దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదు. కాబట్టి ఇక ప్రమాదం లేదనీ, కారణం బయటపెట్టాల్సిన అవసరమూ లేదనీ ఆమె మనసుకి సర్దిచెప్పుకుంది. ఆయనంతట ఆయనే డాక్టరు దగ్గరికి వెళ్తాడని ఎదురుచూద్దామనుకుంది. ఆ సర్దుబాటు నాలుగు రోజులే నిలిచింది. పెద్దవాడు, మంచివాడు, కూర్చుని చేసే పని ఇద్దామని మేనేజరు ఆయన్ని స్టోర్‌లో వేశాడు. బెల్టులూ తాళ్ళూ ఇచ్చే బల్ల దగ్గరే.

ఆమె భోజనం వేళ వెళ్ళింది. ఆయన ఒక్కడే ఉన్నాడు. బెల్టుల్ని చేత్తో తడిమి, మందాన్నిబట్టి గుట్టలుగా వేస్తున్నాడు.

"బావగారూ, అక్క చెప్పింది."

ఆయన చేతులు ఆగలేదు. "దానికి నోరాగదు."

"డాక్టరుకి చూపించుకోండి. చిన్న ఆపరేషనంట, అదే రోజు ఇంటికి పంపేస్తారంట."

"మా నాన్నకీ అలాగే చెప్పారు. వెళ్ళేటప్పుడు ఒక కంటితో చూసుకుంటూ వెళ్ళాడు. వచ్చాక అదీ లేదు. తొమ్మిదేళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించాను."

ఆ సంగతి ఆమెకి తెలియదు. భర్త కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"అది నలభై ఏళ్ళనాటి మాట బావగారూ."

"నాకు నిన్నటిలాగే ఉంది. ఇక్కడ నాకేం ఇబ్బంది లేదు. చేత్తో చూస్తే తెలిసిపోతుంది."

ఆమె గుట్టలోంచి ఒక బెల్టు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తడిమాడు. మంచిదే అన్నాడు. దాని మధ్యలో వెల్డింగు నిప్పురవ్వలు పడి నల్లటి మచ్చలున్నాయి. చేతికి అవి నున్నగానే తగులుతాయి. ఆ సంగతి ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆయన బెల్టుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"రేపు పొద్దున నేను మేనేజరు గారికి చెప్తాను. ఈలోగా మీరే చెప్తే బాగుంటుంది" అంది.

"నేర్పినందుకు బాగానే బుద్ధి చెప్తున్నావు."

"మీరు నేర్పారు కాబట్టే చెప్తున్నా."

ఆయన చెప్పలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింబావుకి ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళి చెప్పింది. మేనేజరు తల పట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషండీ. కూర్చునే పనే కదా, ఉండనిద్దాం."

"ఆయన తప్పు బెల్టు ఇస్తే, దాన్ని కట్టుకుని పోయేది ఇంకొకళ్ళండి."

పది గంటలకల్లా బావగార్ని వైద్య సెలవు మీద ఇంటికి పంపారు. ఆయన వెళ్తుంటే ముఠావాళ్ళు పని ఆపి గేటుదాకా వెళ్ళారు. మధ్యాహ్నం ఆమె క్యాంటీన్‌లో కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఆమె తినేసి, రెండింటికి క్లాసుకి వెళ్ళింది. బకెట్‌లో నీళ్ళు నింపింది.

ఆయన రెండు నెలలు ఎటూ కదల్లేదు. చివరికి కదిలించింది తోడికోడలు. పేపరు చదవడం మానేసింది. "నీకు కావాలంటే నువ్వే చదువుకో" అందట, పాతికేళ్ళలో మొదటిసారి ఏకవచనంలో. తమ్ముడు ఒక రోజు సెలవు పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కుడి కన్ను బాగా కుదిరింది. ఎడమదానికి నెల తర్వాత చేశారు. దానిలో నరం ఎప్పుడో దెబ్బతిందట, మసక అలాగే ఉండిపోయింది. కర్మాగారం డాక్టరు పరీక్షించి, పేపరు చదవొచ్చు, బస్సెక్కొచ్చు, గాలిలో వేలాడే వస్తువు ఎంత దూరంలో ఉందో అంచనా కట్టే పని మాత్రం వద్దన్నాడు. బావగారు ఇంకో పని అడగలేదు. గడువుకి ముందే విరమణ కోరుతూ కాగితం ఇచ్చేశాడు.

ఈలోగా ఆమె మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని ఒక నియమం పెట్టించింది. రిగ్గర్లయినా ఆపరేటర్లయినా పరీక్షకి ముందు కళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ తేవాలి. మొదటి విడతలోనే ముగ్గురు దొరికారు. ఇద్దరు ఆమెని నానా మాటలూ అన్నారు. ఆమె భర్తకి కళ్ళజోడు పడింది. అది పెట్టుకుని మొదటి రోజు క్యాబిన్ ఎక్కి దిగాక, "ఇన్నాళ్ళూ కింద అయిదుగురు పనిచేస్తున్నారనుకున్నా, ముగ్గురేనన్నమాట" అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట మళ్ళీ అంటే అప్పుడు కొంచెం నవ్వింది.

ఇంటికి పంపేసిన ఎనిమిది నెలలకి బావగారు విరమణ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి కర్మాగారానికి వచ్చాడు. గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో రాయించుకుని, సందర్శకులకి ఇచ్చే తెల్ల హెల్మెట్ ఇచ్చారు. అది ఆయన తలకి బిగుతైంది. ఆ రోజే అంతవరకూ చేసినవాటిలోకెల్లా పెద్ద ట్యాంకుని లారీ మీదికి ఎక్కిస్తున్నారు. చుట్టూ తాడు కట్టి, లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. ఆయన తిన్నగా వచ్చి తాడు దగ్గర ఆగాడు. కాపలా ఉన్న రిగ్గరు ఒకప్పటి ఆయన ముఠా మనిషే. తాడు పైకెత్తబోయాడు. ఆయన వద్దని చెయ్యి ఊపి అక్కడే నిలబడ్డాడు.

ఎత్తడానికి గంటన్నర పట్టింది. ట్యాంకు లారీ మీద కూర్చున్నాక, బెల్టులు విప్పుతుంటే ఆమె ఇటు వచ్చింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయనే పలకరించాడు.

"మొదట్లో ఎడం పక్క కాస్త దిగింది."

"చూశాను బావగారూ. దింపించి మళ్ళీ కట్టించాను."

"ఎంత జరిపారు?"

"జానెడు."

"బెత్తెడు చాలేది" అన్నాడాయన. ట్యాంకు వైపు ఇంకోసారి చూసి, "సర్లే, జానెడైనా పర్లేదు" అన్నాడు.

సైరన్ మోగేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. తర్వాత హెల్మెట్ గేటులో ఇచ్చేసి బస్టాపుకి వచ్చాడు. బస్సులో రద్దీ లేదు. తమ్ముడు కిటికీ పక్కన సీటు చూపిస్తే కూర్చుని, దారి పొడుగునా దుకాణాల బోర్డులు చూస్తూ వచ్చాడు. దిగేముందు వెనక్కి తిరిగి, "అమ్మాయ్, మీ అక్క వంకాయలు తెమ్మంది, దిగగానే గుర్తుచెయ్యి" అన్నాడు.

"అలాగే బావగారూ" అందామె.